తువ్వాల కూర్చున్న సీటు

మా వైపు బస్సులో సీటు మనిషికి దొరకదు, తువ్వాలకు దొరుకుతుంది. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాల విసిరితే, అది ఏ సీటులో పడితే ఆ సీటు విసిరినవాడిది. తువ్వాల లేనివాళ్లు జేబురుమాలు వేస్తారు, అదీ లేకపోతే టిఫిన్ సంచి వేస్తారు. ఒకాయన కాలి చెప్పు విప్పి వేయడం కూడా నా కళ్లారా చూశాను. తలుపు దగ్గర తోసుకుని ఎక్కినవాడు ఖాళీ సీటు కదా అని కూర్చోబోతే, బస్సంతా ఒక్కటై "అక్కడ తువ్వాల ఉన్నది" అంటుంది. ఏ చట్టంలోనూ లేదు ఇది. అయినా మావాళ్లు పొలం గట్టు జరిపినవాడినైనా క్షమిస్తారు గానీ, సీటు మీది తువ్వాల జరిపినవాడిని క్షమించరు.

అలాంటి ఒక తువ్వాల మీద నాకు పగ. సరిగ్గా చెప్పాలంటే దాన్ని విసిరిన మనిషి మీద. ఆయన పేరు చెప్పను. చెబితే నా నోటితో నేనే మర్యాద చేసినట్టవుతుంది. మా ఇంట్లో ఆయన్ని ఇప్పటికీ తువ్వాలాయన అనే అంటాం.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ల సంగతి. కొత్తగూడెం నుంచి చండ్రుగొండ మీదుగా వచ్చే ఎర్ర బస్సు, పెద్ద రోడ్డు దిగి లోపలికి తిరిగి, మా కింది ఊళ్లో ఆగిపోయేది. అదే ఆఖరి స్టాపు. మా ఊరు ఇంకా పైన, వాగు దాటాక, టేకు అడవి మొదలయ్యే చోట ఉంటుంది. వాగు మీద కల్వర్టు పడింది, ఎర్రమట్టి రోడ్డు పడింది, అశ్వారావుపేట మిల్లుకు పామాయిల్ గెలలు తీసుకుపోయే లారీలు మా వాకిళ్ల ముందు నుంచే పోతాయి. బస్సు మాత్రం రాదు. అది రాత్రికి కింది ఊళ్లోనే ఉండిపోయేది. అలా ఊళ్లో పడుకునే బస్సును నైటాల్టు బస్సు అంటారు. డ్రైవరూ కండక్టరూ అక్కడే ఎవరింట్లోనో తిని, పంచాయతీ ఆఫీసులో పడుకుని, పొద్దున్నే మొదటి ట్రిప్పు తీస్తారు.

బస్సు ఏ ఊళ్లో పడుకుంటే ఆ ఊరిదే రాజ్యం. మేం చీకటితో లేచి, వాగు దాటి నడిచి చేరేసరికి బస్సులో ఒక్క మనిషీ ఉండడు, ఒక్క సీటూ ఉండదు. అన్నిట్లోనూ తువ్వాలలు కూర్చుని ఉండేవి. వాటి యజమానులు ఇళ్ల దగ్గర తీరిగ్గా పళ్లు తోముకుంటూ ఉండేవాళ్లు. మమ్మల్ని చూసి "అడవోళ్లొచ్చిన్రు, జరుగున్రి" అని నవ్వేవాళ్లు. మాదీ వ్యవసాయమే, మా ఇళ్లలోనూ ఉద్యోగాలున్నాయి, మా నాయన బొగ్గు బాయిలో పనిచేస్తూ వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. అయినా వాగుకు అవతల ఉన్నందుకు మేం అడవోళ్లం.

తువ్వాలాయన ఆ కింది ఊళ్లో పెద్దమనిషి. కొత్తగూడెంలో ఏదో ఆఫీసులో ఉద్యోగం. ఇస్త్రీ చొక్కా, ఆకుపచ్చ అంచు తువ్వాల. బస్సువాళ్లకు రాత్రి భోజనం ఆయన ఇంట్లోనే. అందుకని డ్రైవరు వెనక, కిటికీ పక్కన ఉన్న మొదటి సీటు ఆయనకు రాసిచ్చినట్టే ఉండేది.

ఆ రోజుల్లో మా అమ్మకు గర్భసంచి ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చాక కుట్లు విప్పించుకోవడానికి మళ్లీ కొత్తగూడెం దవాఖానాకు పోవాలి. నేను డిగ్రీ ఆఖరి ఏడు చదువుతున్నాను, రోజూ అదే బస్సులో నిలబడి పోయేదాన్ని. అమ్మను ఎడ్లబండిలో కింది ఊరి దాకా తీసుకొచ్చి బస్సెక్కించాను. ఎక్కగానే కళ్లు తిరిగాయేమో, ఆ మొదటి సీటులో, మడత పెట్టి ఉన్న తువ్వాలను ముట్టుకోకుండా, అంచు మీద ఒరిగి కూర్చుంది. కాసేపటికి తువ్వాలాయన వచ్చాడు.

"ఏయ్, లెవ్వు. తువ్వాల కనవడ్తలేదా?"

"కడుపు కోసిన్రయ్యా. నిలవడలేను. చండ్రుగొండ దాక కూసొని లేస్త."

"నీ కడుపుతోని నాకేం పని? నా తువ్వాల నీకంటె ముందొచ్చింది. లెవ్వు."

"మనిషికన్న గుడ్డ ఎక్కువైందా నీకు?" అని నేను అరిచాను. ఆయన నన్ను చూడనైనా చూడలేదు. వెనక్కి తిరిగి, "అడవోళ్లకు బస్సు మర్యాద ఎవలు నేర్పాలె?" అన్నాడు. బస్సంతా నవ్వింది. కండక్టరు టికెట్ల పెట్టెలోంచి తల ఎత్తలేదు.

అమ్మ లేచింది. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో కడుపు పట్టుకుని కొత్తగూడెం దాకా నిలబడింది. దారంతా గుంతలే. బస్సు ఎగిరి పడినప్పుడల్లా పళ్ల బిగువున ఓర్చుకుంది. దవాఖానాలో చూస్తే చీర తడిసి ఉంది. కుట్లు కొన్ని తెగిపోయాయి. "ఇంత దూరం నిలబెట్టి తీసుకొస్తారా, బుద్ధుందా?" అని డాక్టరమ్మ నన్ను తిట్టింది. ఆ తిట్లు కూడా నేను ఆయన ఖాతాలోనే వేశాను.

గాయం చీము పట్టింది. మానిందన్న మాటే గానీ సరిగా మానలేదు. కొన్నాళ్లకు ఆ చోట ఉబ్బు మొదలైంది, దగ్గినా వంగినా బయటికి పొడుచుకు వచ్చేది. పేగు జారుతోంది, మళ్లీ కోసి సరిచేయాలి, అశ్రద్ధ చేస్తే పేగు ఇరుక్కుని ప్రాణం మీదికి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. అమ్మ ఇంటికొచ్చి చాప పరుచుకుని కూర్చుని, "నేను పోను" అంది.

ఆటో ఎగరేస్తుంది కాబట్టి వద్దని డాక్టరమ్మే అంది. జీపు కిరాయికి మాట్లాడతానన్నాడు నాయన.

"జీపుల ఎందుకు? దొంగలెక్క దాక్కొని పోవాల్నా? పోతె గా బస్సుల్నే పోత. ఎవ్వల్నీ అడుక్కోకుండ కూసునే సీటు దొరికిన్నాడు పోత. అప్పటి దాక నన్ను పిలవకున్రి."

"గంతల పానం మీదికొస్తే?" అన్నాడు నాయన.

"వస్తె వస్తది."

మా అమ్మ అంతే. నాకు ఈ కోపం ఎక్కడి నుంచి వచ్చిందని అడిగేవాళ్లకు ఆమెను చూపిస్తే చాలు. నాయన బతిమాలాడు, మేనత్తలు వచ్చి ఏడ్చారు, నేను అన్నం మానేశాను. ఆమె నా కంచంలో అన్నం కూడా తనే తిని చెయ్యి కడుక్కుంది. రాత్రిళ్లు మాత్రం ఉబ్బు మీద చెయ్యి పెట్టుకుని మూలగడం వినిపించేది.

ఆ మూలుగు విన్నప్పుడల్లా నా ఒళ్లు మండిపోయేది. ఆయన తువ్వాల మీద దూలగొండి పొడి చల్లాలనుకున్నాను. మా అడవిలో దానికి కొదవా! కాయలు కోసుకొచ్చి నూరబోయేలోపే నా చేతులకే అంటుకుని, పేడ రాసుకుని కూర్చోవాల్సి వచ్చింది. ఆయన మెడ మీద పడాల్సిన దురద నా ఒంటి మీద పడినందుకు పగ ఇంకొంచెం పెరిగింది. ఆయన కనబడితే పక్కన ఉమ్మేసేదాన్ని. ఆయనకు అది తెలిసేది కూడా కాదు. నాకు కావలసింది ఆయనకు తెలిసే దెబ్బ.

ఆ దారి నాకు చూపించింది బస్సు డ్రైవరే. ఒక సాయంత్రం కింది ఊళ్లో దిగుతుంటే, మాటల్లో మాటగా చెప్పాడు. ఈ బస్సు మొదట్లో చండ్రుగొండలోనే పడుకునేదట. అప్పుడు చండ్రుగొండవాళ్లు కూర్చునేవాళ్లు, ఈ ఊరివాళ్లు ఏళ్ల తరబడి నిలబడేవాళ్లు. "గీ మొదటి సీటాయనే డిపో సుట్టు తిరిగి తిరిగి లైను ఈడి దాక పొడిగిచ్చుకున్నడు. అంతకు ముందు ఆయన గూడ నిలవడి వచ్చెటోడే" అన్నాడు.

నేను దారిలో నిలబడిపోయాను. ఆహా, నిలబడడం అంటే ఏమిటో తెలిసిన మనిషేనన్నమాట! తెలిసి కూడా మా అమ్మను లేపాడు. ఇక జాలి అన్నది లేకుండా పోయింది. ఆయన్ని కొట్టక్కర్లేదు, తిట్టక్కర్లేదు. బస్సును వాగు దాటించి మా ఊరి దాకా పొడిగిస్తే చాలు. ఆఖరి స్టాపు మాదవుతుంది, మొదటి సీట్లు మావవుతాయి.

మా ఊరివాళ్లను నలుగురిని వెంటేసుకుని డిపోకు వెళ్లాను. డిపో మేనేజరు మెత్తగా మాట్లాడే మనిషి. "బస్సు తిప్పుకునే జాగ ఉండాలె, స్టాఫ్ పడుకునే గది ఉండాలె, ట్రయల్ బస్సు పంపుతం, అది పోయిరావాలె. ఇవి మూడు చూపియ్యి, పొడిగిస్త" అన్నాడు. గదికి బడి ఉంది. జాగాకు మా మిర్చి కల్లం ఉంది. ఊరి చివర చదునుగా, గట్టిగా, మిరపకాయలు ఎండబోసుకునే నేల. దాన్ని ఇంకా వెడల్పు చేయాలి. అమ్మ గడ్డపార పట్టుకోబోతే అందరం కలిసి తిట్టాం. గట్టు మీద కూర్చుని, వేలు చూపిస్తూ ఊరందరి చేతా పని చేయించింది. ఇరవై రకాలుగా తప్పులు పట్టింది. ఆ బస్సు ఎక్కనన్న మనిషి ఆ బస్సు చక్రాలకు రాయి తగలకూడదని నేలంతా ఏరించింది.

ట్రయల్ బస్సు వచ్చే రోజు ఊరు ఊరంతా తయారైంది. మాకు బస్సు రావడమంటే పెళ్లికొడుకు రావడమే. ఊరి మొదట్లో వెదురు బొంగులతో కమాను కట్టి, మామిడాకులు, బంతిపూలు చుట్టి, పైన దేవుడి పటం పెట్టి, కొబ్బరికాయ వేలాడదీశాం. ఎత్తు చూసుకున్నాం, చూసుకోలేదని కాదు. గెలల ట్రాక్టరు కింద నుంచి పోయేలా కొలిచి కట్టాం. బస్సు నెత్తి మీద సామాన్ల కడ్డీలు ఉంటాయని ఒక్కడికీ తోచలేదు.

బస్సు వచ్చింది, కమాను దగ్గర ఆగింది. దూరదు. బొంగులు విప్పుదామని యువకులు వెళితే పెద్దలు అడ్డం తిరిగారు. పూజ చేసి పెట్టిన దేవుణ్ణి బస్సు కోసం దింపుతారా, మొదటి రోజే అపశకునం అని గొడవ. పక్క నుంచి పోవడానికి ఒకవైపు వాగు, ఒకవైపు పుట్ట. డిపో నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకున్నాడు, ఇంకోసారి చూసుకున్నాడు. బస్సు వెనక్కి వెళ్లిపోయింది.

అందులో తువ్వాలాయన కూడా ఉన్నాడు, తమాషా చూడడానికే వచ్చాడు. కిటికీలోంచి తల బయటపెట్టి, "దర్వాజ గూడ సక్కగ కట్టుకోరాదు, మీకు బస్సెందుకే?" అన్నాడు. ఆ రోజు మా అమ్మ మీద నవ్వినట్టే బస్సు మళ్లీ నవ్వింది. నేను కమాను బొంగు ఒకటి పీకి విసిరాను, అది బస్సుకు తగల్లేదు. మావాళ్లను వారం రోజులు తిట్టాను. తిట్టి, మళ్లీ డిపో మెట్లెక్కాను.

అప్పటికే ఆయన అక్కడికి వెళ్లి, మా కల్వర్టు బస్సు బరువుకు ఆగదని చెప్పి వచ్చాడు. "పామాయిల్ లారీ కన్న మీ బస్సు బరువా సార్? వచ్చి కల్వర్టు మీద నిలవడున్రి, నిండు లారీని మీ ముంగట్నే దాటిస్త" అన్నాను. మేనేజరు నవ్వి, రెండో ట్రయల్‌కు ఒప్పుకున్నాడు. ఈసారి కమాను కాదు గదా, దారం ముక్క కూడా కట్టనివ్వలేదు. బస్సు కల్వర్టు దాటింది, కల్లంలో గుండ్రంగా తిరిగి నిలబడింది. అమ్మ గట్టు మీద కూర్చుని చూసింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

కొన్ని రోజులకు నైటాల్టు మాకు వచ్చింది. మొదటి రాత్రి బస్సువాళ్ల భోజనం మా ఇంట్లో. కూర్చుని వండమన్నా వినకుండా అమ్మ నాటుకోడి కోయించి కూర చేసింది. ఆ కండక్టరు అతనే, ఆ రోజు తల ఎత్తనివాడు. అతని కంచంలో మెత్తటి ముక్కలు ఏరి వేస్తూ, "ఇంకింత ఏసుకో తమ్మీ. ఆ దినం తల ఎత్తకపోతివి, ఇయ్యాలన్న ఎత్తి తిను" అంది. పాపం, ముద్ద గొంతులో అడ్డం పడింది. నేనే మంచినీళ్లు ఇచ్చాను. కొంచెం ఆలస్యంగా ఇచ్చాను.

నా పథకం వేరే ఉంది. తెల్లవారుజామున ఇల్లిల్లూ తిరిగి తువ్వాలలు పోగు చేశాను. ఎర్రవి, గళ్లవి, చిరుగులవి, ఒక ఇంట్లో తువ్వాల లేదంటే పాత లుంగీ చింపించాను. బస్సులో మావాళ్లు కూర్చోగా మిగిలిన సీట్లన్నిట్లో వాటిని పరిచాను. కింది ఊరివాళ్లందరూ కొత్తగూడెం దాకా నిలబడాలి, వాళ్ల కళ్ల ముందు తువ్వాలలు కూర్చుని పోవాలి. నేను కూర్చోలేదు, కాపలాకు నిలబడ్డాను. ఆయనకు చెప్పాల్సిన మాటలు రాత్రే బట్టీ పట్టాను.

అప్పుడు అమ్మ వచ్చింది. ఉతికిన చీర, చేతిలో దవాఖానా సంచి. ఎవర్నీ అడగలేదు. డ్రైవరు వెనక మొదటి సీటులో, కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీటులో మా ఇంటి తువ్వాల వేసింది.

కింది ఊళ్లో బస్సు ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాలలు వచ్చి పడ్డాయి. తువ్వాలల మీద తువ్వాలలు. ఆకుపచ్చ అంచుది వచ్చి సరిగ్గా అమ్మ ఒడిలో పడింది. ఏళ్ల అలవాటు కదా, లోపల ఎవరున్నారో కూడా చూసుకోకుండా విసిరాడు. అమ్మ దాన్ని తీసి, నాలుగు మడతలు పెట్టి, కొంచెం పైకి లేచి, కింద వేసుకుని కూర్చుంది.

ఆయన ఎక్కి చూశాడు.

"అది నా తువ్వాల."

"అవ్ అయ్యా, నీదే. నీ తువ్వాల కన్న నేను ముందొచ్చిన."

నేను బట్టీ పట్టిన మాటలన్నీ ఎటో పోయాయి. జనం ఎక్కుతున్నారు, సీట్లు వెతుక్కుంటున్నారు, నన్ను తిడుతున్నారు. నాకు పండగలా ఉంది. ఇంతలో కర్ర పట్టుకున్న ముసలమ్మ ఒకామె ఎక్కింది. అమ్మ నా వైపు చూసి, "గా తువ్వాల తీయ్, ఆమెను కూసోనియ్" అంది.

"ఆ దినం ఈమె గూడ నవ్విందే!"

"తీయ్ అంటున్న."

తీశాను. నా చేతులు తీశాయి గానీ మనసు తీయలేదు. తర్వాత చంటిపిల్లతో ఉన్నామెకు తీయమంది. తర్వాత బడిపిల్లలకు. తర్వాత ఆయన ఊరి మగవాళ్లకు కూడా, ఒక్కొక్కరినీ చూపించి, ఒక్కొక్క తువ్వాలా తీయించింది. నేను నెలల తరబడి నూరుకున్న పగనంతా ఈమె పంచిపెట్టేస్తోందని ఏడుపొచ్చింది. తీయాల్సినవన్నీ తీశాక తల ఎత్తి చూస్తే, బస్సులో నేను, కండక్టరు కాక నిలబడి ఉన్నది ఒకే ఒక్క మనిషి. ఖాళీగా ఉన్నది ఒకే ఒక్క సీటు, అమ్మ పక్కది. అందులో మా తువ్వాల.

ఇందాక అర్థం కానిది అప్పుడు అర్థమైంది. ఊరంతా నిలబడితే ఆయనా పదిమందిలో ఒకడయ్యేవాడు.

ఆయన "ఇది ఖాళీనే గదా" అని ఆ సీటు వైపు వంగాడు. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. జవాబు వెనక నుంచి వచ్చింది. కర్ర ముసలమ్మ, ఆయన ఊరి ముసలమ్మే, "అక్కడ తువ్వాల ఉన్నది" అంది. ఇంకొకరు అన్నారు. తర్వాత బస్సంతా అంది.

చండ్రుగొండ వచ్చింది, పోయింది. ఎక్కినవాళ్లు ఎక్కారు, వాళ్లూ ఆ తువ్వాలను చూసి పక్కకు జరిగారు. ఆయన ఆ రోజు అమ్మ పట్టుకున్న కడ్డీనే పట్టుకుని నిలబడ్డాడు. గుంత వచ్చినప్పుడల్లా ఇస్త్రీ చొక్కా నలిగింది. చెమట పట్టింది, తుడుచుకోవడానికి తువ్వాల లేదు. నేను దారి పొడవునా చూపు తిప్పుకోలేదు. అంత మంచి ప్రయాణం నా జన్మలో చేయలేదు.

కొత్తగూడెంలో అందరూ దిగారు. ఆయన దిగలేదు, తువ్వాల కోసం నిలబడ్డాడు. అమ్మ నెమ్మదిగా లేచి, దాన్ని తీసి, దులిపి, రెండు చేతులతో ఆయనకు అందించింది.

"నీ తువ్వాలను నిలవెట్టలేదయ్యా. కూసోవెట్టే తెచ్చిన."

ఆయన తీసుకున్నాడు. భుజాన వేసుకోలేదు, చేతిలో ముద్దగా పట్టుకుని దిగిపోయాడు.

దవాఖానా వైపు నడుస్తుంటే అమ్మ నా భుజం పట్టుకుంది. "కోస్తరంటవా ఇయ్యాలనే?" అంది. "కోస్తరు" అన్నాను. సరే అన్నట్టు తలూపింది. నాలుగడుగులు వేశాక నేను ఆయన గొంతుతో "ఇది ఖాళీనే గదా" అన్నాను. అమ్మకు నవ్వు ఆగలేదు. నడిరోడ్డు మీద ఆగి, ఉబ్బు మీద చెయ్యి అదిమి పట్టుకుని, "నవ్వియ్యకే, నొస్తది" అంది.

నేను ఇంకోసారి అన్నాను.